పదవీ విరమణ సొమ్ము: భిలాయిలోని మనవారు, ఊరిలోని మనము

ఉత్తరాంధ్ర పల్లెలలో భిలాయిలో ఒక బంధువైనా ఉన్న కుటుంబాలు నేటికీ అనేకం. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరిన తరువాత నాటి మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లాలో ఆ ఉక్కు కర్మాగారం నిర్మాణం ఆరంభమైనది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించినారు. పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్ చేరే రైలు మార్గం వెంట మనవారు మట్టి పనికి, తాపీ పనికి, వెల్డింగు పనికి తరలిపోయినారు. అక్కడనే కుదురుకొని, పిల్లలను చదివించుకొని, ఊరిలోని తమ్ముళ్ళకు, తల్లిదండ్రులకు మనియార్డర్లు పంపుతూ వచ్చినారు. ఆ రూపాయలతో మన గ్రామాలలో తవ్విన బావులు, విడిపించిన తాకట్లు ఎన్నో ఉన్నవి.

అందుచేత భిలాయి కార్మికుని పదవీ విరమణ అతని ఒక్కని ఇంటి విషయం కాదు. అతని చేతికి పెద్ద మొత్తం రాబోతున్నదని ఊరిలో అందరికీ ముందే తెలుస్తుంది. ఎవరికి ఏమి కావలెనో ఆ లెక్కలు కూడా ముందే తయారవుతవి. ఈ పత్రికను చదివే రైతులు, ఎరువుల, పంపుసెట్ల, ట్రాక్టర్ల డీలర్లు ఆ లెక్కలలో భాగస్వాములే. కనుకనే ఈ విషయాన్ని భిలాయి వారి కన్న ముందుగా ఇక్కడివారి దృష్టికి తేవలసి ఉన్నది.

మొదట ఆ సొమ్ము స్వభావం తెలుసుకొనవలెను. అది మూడు దారులలో వస్తుంది: భవిష్యనిధి, గ్రాట్యుటీ, వాడుకొనని సెలవులకు బదులుగా ఇచ్చే మొత్తం. గ్రాట్యుటీ లెక్క 1972 నాటి చట్టం నిర్ణయించినదే. ఆఖరి నెల మూలవేతనం, కరువు భత్యం కలిపి 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు సంవత్సరాలతో గుణించవలెను. ఆ రెండూ కలిసి 70 వేలుగా ఉండి, సర్వీసు 35 సంవత్సరాలైతే సుమారు 14 లక్షల 13 వేలు వస్తుంది. చట్టప్రకారం ఇచ్చే గ్రాట్యుటీకి గరిష్ఠ పరిమితిని 2018లో 20 లక్షలకు పెంచినారు. భవిష్యనిధిలో మధ్య మధ్య తీసికొన్న అడ్వాన్సులు పోగా మిగిలినదే వస్తుంది. ఈ సంగతి మరచిపోయి ఊహాలోకంలో లెక్కలు వేసేవారు తక్కువేమీ కాదు.

ఇక పింఛను మాట. ప్రభుత్వ సంస్థలో ఉద్యోగం అనగానే ప్రభుత్వోద్యోగి పింఛను వంటిదే వస్తుందని పల్లెలలో గట్టి నమ్మకం ఉన్నది. అది పొరబాటు. 1995 నవంబరు 16న అమలులోకి వచ్చిన ఉద్యోగుల పింఛను పథకంలో, లెక్కలోకి తీసికొనే జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగిస్తారు. అసలు జీతం ఎంత ఉన్నప్పటికీ లెక్కకు వచ్చే జీతానికి పరిమితి ఉన్నది. 2014 సెప్టెంబరులో దానిని 15 వేలు చేసినారు. ఆ పరిమితి మీద 30 సంవత్సరాల సర్వీసుకు వచ్చేది నెలకు సుమారు 6,428 రూపాయలు. అంతకు ముందు కాలపు పరిమితులు ఇంకా తక్కువ కనుక నిజంగా చేతికందేది మరింత తగ్గుతుంది. పూర్తి జీతం మీద చందా కట్టి, 2022 నవంబరు నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం అధిక పింఛనుకు అర్హత తేలినవారి సంగతి వేరు. తక్కినవారికి ఈ పింఛను బియ్యానికి, పప్పుకు సరిపోతే గొప్పే.

కాబట్టి విరమణ నాడు చేతికందిన పెద్ద మొత్తాన్ని లాభమనీ, కలసివచ్చిన సొమ్మనీ భావించరాదు. ఇకపై రాబోని జీతాలన్నీ ఆనాడే ఒక్కమారుగా ఇచ్చివేసినారని అర్థం. రైతు సోదరులకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు. పంట ఇంటికి వచ్చిన నాడు గాదె నిండుగా కనిపిస్తుంది. అయినను తిండిగింజలు, విత్తనపు గింజలు, కూలి గింజలు వేరు చేసిన తరువాతనే అమ్మకానికి ఎంత అన్న ప్రశ్న వస్తుంది. రైతుకు మరుసటి సంవత్సరం మరొక పంట ఉన్నది. విశ్రాంత కార్మికునికి ఈ ఒక్క పంటతో సరి.

భిలాయి విషయంలో మరొక చిక్కు ఉన్నది. ఇతర పట్టణాలలోని జీతగాళ్ళకు ఇది అంతగా ఉండదు. అది కంపెనీ కట్టిన పట్టణం. సెక్టార్లలోని క్వార్టరుకు బజారు అద్దె లేదు. నీరు, రోడ్డు, బడి, తోట అన్నీ కర్మాగారం ఏర్పాటులోనివే. జబ్బు చేస్తే సెక్టార్-9లోని పెద్దాస్పత్రి ఉన్నది. ముప్పై అయిదేండ్లు ఇట్లు గడిపిన కుటుంబానికి తన సంసారపు నిజమైన ఖర్చు ఎంతో తెలియదు. జీతపు చీటీలో కనిపించేది ఒక భాగమే. కనిపించని రెండవ భాగాన్ని కంపెనీ భరిస్తూ వచ్చినది. అరవై ఏండ్లు నిండిన నెలలో జీతం ఆగిపోతుంది, దానితో పాటు ఇంతకాలం దాగియున్న ఖర్చులన్నీ ఒక్కసారిగా ఇంటిమీదకు వస్తవి. ఆదాయం తగ్గినందువలన కలిగే కష్టం కన్న ఈ రెండవ కష్టమే చాలమందిని కుంగదీస్తున్నదని నా అభిప్రాయం. మొదటిదానికి మనసు సిద్ధపడి ఉంటుంది. రెండవది లెక్కలో లేనిది.

క్వార్టరు ఖాళీ చేయుటలో జాప్యం వలన కలిగే నష్టం కూడా తెలిసియుండవలెను. 2000 తరువాతి తొలి సంవత్సరాలలో భిలాయిలో కొన్ని క్వార్టర్లను దీర్ఘకాలిక లీజుకు ఇచ్చినారు. ఆ అవకాశం వినియోగించుకొన్నవారు అదృష్టవంతులు. మిగిలినవారు గడువు దాటి ఉన్నచో జరిమానాతో కూడిన అద్దె పడుతుంది. బొకారో క్వార్టరుకు సంబంధించి సెయిల్ సంస్థ వేసిన ఒక కేసులో, అట్టి అద్దెను గ్రాట్యుటీ నుండి సర్దుబాటు చేసుకొనవచ్చునని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పినది. "పిల్లవాని చదువు ముగిసేవరకు ఉందాము, ఎవరు అడుగుతారు" అనే ధోరణి ఎంత ఖరీదైనదో దీనినిబట్టి గ్రహించవచ్చును.

దీనికి ఉపాయం ఉద్యోగంలో ఉండగానే చేయవలెను. యాభై అయిదవ ఏట నుండి, తాము ఉండదలచిన చోట అద్దె ఎంత ఉన్నదో విచారించి, ఆ అద్దె ఇప్పుడే కడుతున్నట్లుగా భావించి ప్రతి నెలా రికరింగ్ డిపాజిట్‌లో వేయవలెను. ఉదాహరణకు నెలకు 8 వేలు అనుకొందము. అయిదేండ్లలో వడ్డీ కాక 4 లక్షల 80 వేలు చేరుతుంది. ఆ మొత్తం ఉపయోగం సరే. అయిదేండ్ల పాటు తగ్గిన ఆదాయంతో ఇల్లు నడుపుట ఆ కుటుంబానికి అలవాటవుతుంది, ఆ అలవాటు ఇంకా విలువైనది.

ఇప్పుడు చిన్న లెక్క. అన్నీ కలిపి 60 లక్షలు వచ్చినదనుకొందము. అరవైయవ ఏట నుండి ఎనభై అయిదు వరకు 300 నెలలు. భాగిస్తే నెలకు 20 వేలు. భార్య అయిదేండ్లు చిన్నదైతే ఆమెకు ఎనభై అయిదేండ్లు వచ్చేవరకు 360 నెలలు. నెలకు 16,666 మాత్రమే. మరి వడ్డీ మాటేమిటని అడుగుతారు. వడ్డీని పెరిగే ధరలకు వదలివేయవలెను. ధరలు ఏటా నూటికి ఆరు చొప్పున పెరిగితే పన్నెండేండ్లలో రెట్టింపవుతవి. అప్పుడు నేటి 20 వేల సంసారానికి 40 వేలు కావలెను. 60 లక్షల మీద నూటికి ఎనిమిది చొప్పున వచ్చే 40 వేలను మొదటి నెల నుండే ఖర్చు చేసుకొంటూ "అసలు ముట్టుకొనలేదు గదా" అని తృప్తిపడేవారు, డెబ్బై రెండవ ఏట ఆ 40 వేలతో సగం సంసారమే నడుస్తున్నదని గమనిస్తారు. నా లెక్కలో జాగ్రత్త కొంచెం ఎక్కువ పాలు ఉన్నదని కొందరు అనవచ్చును. ఉండనీయండి. ఈ వయస్సులో మిగిలితే నష్టం లేదు.

ఈ 60 లక్షలు ఏయే దారులలో పోతున్నవో చూడవలెను. ఊరిలో రెండంతస్తుల ఇల్లు మొదటి దారి. కట్టేది ఇక్కడ, పిల్లలు ఉండేది అక్కడ. పండుగకు పది రోజులు తెరచి, మిగిలిన కాలం తాళం వేసే ఇంటికి జీవితకాలపు పొదుపులో సగం పెట్టుట గౌరవానికి చెల్లించే మూల్యమే గాని నివాసానికి కాదు. కాపురం నిజంగా ఊరికి మారుతుందా అన్నది భార్యాభర్తలు ముందు తేల్చుకొనవలెను. మారేటట్లయితే వైద్యం మాట ఆలోచించవలెను. సెయిల్ విశ్రాంత ఉద్యోగులకు మెడిక్లెయిమ్ పథకం ఉన్నది, కాని దానిని గడువులోపల పునరుద్ధరించుకొంటూ ఉండవలెను. దాని పరిధిలో తమ ఊరికి దగ్గరలో ఏ ఆస్పత్రి ఉన్నదో విచారించుకొనక ఇల్లు కట్టరాదు. 2024 అక్టోబరు నుండి డెబ్బై ఏండ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండ ఆయుష్మాన్ భారత్ కార్డు ఇస్తున్నారు. అరవైకీ డెబ్బైకీ మధ్యనున్న పదేండ్లే ప్రమాదకరం.

పెండ్లి ఖర్చును గురించి ఉపదేశాలు చేయుట నాకు ఇష్టం లేదు. ఆడపిల్ల పెండ్లిని ఎవరూ అంకెలతో కొలువరు. విరమణ సొమ్ము వచ్చేవరకు పెండ్లిని ఆపి, వచ్చిన తరువాత ఆ సొమ్ము స్థాయికి పెండ్లిని పెంచే పద్ధతి మాత్రం మంచిది కాదు. సొమ్ము సంగతి తెలిసిన తరువాత వియ్యాలవారి కోరికలు కూడా పెరుగుతవని వేరుగా చెప్పనేల!

మూడవ దారి మన పాఠకులకు అన్నిటికన్న దగ్గరిది. "అన్నయ్యా, బ్యాంకు చుట్టూ ఎవరు తిరుగుతారు, నువ్వు పెట్టుబడి పెట్టు, పంట రాగానే ఇచ్చేస్తాను" అని ఊరిలోని తమ్ముడు అడుగుతాడు. అడుగుటలో దురుద్దేశం ఏమీ ఉండదు. అయినను అన్నదమ్ములిద్దరూ ఒక కాగితం మీద లెక్క వేసి చూడవలెను. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల వరకు పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులో చెల్లించిన రైతుకు రాయితీ పోగా 4 శాతమే పడుతుంది. అన్నగారి సొమ్ము వృద్ధుల పొదుపు పథకంలో ఉంటే, 2023 ఏప్రిల్‌లో నిర్ణయించిన రేటు ప్రకారం 8.2 శాతం వస్తుంది. రెండు లక్షల పెట్టుబడికి బ్యాంకును వదలి అన్నను ఆశ్రయిస్తే, ఆ ఉమ్మడి కుటుంబం మొత్తంమీద ఏడాదికి 8,400 రూపాయలు పోగొట్టుకొంటున్నది. పంట పోయిన సంవత్సరంలోనైతే నష్టం వడ్డీతో ఆగదు. బ్యాంకు రుణానికి పంటల బీమా, వాయిదాల పునర్వ్యవస్థీకరణ వంటి మార్గాలు ఉన్నవి. అన్నయ్యకు ఏ మార్గమూ లేదు, ముఖాముఖాలు చూచుకొనలేని పరిస్థితి తప్ప.

ట్రాక్టరుకు ఇదే మాట మరింత వర్తిస్తుంది. ఊరిలో ఇప్పటికి ఎన్ని ట్రాక్టర్లున్నవి, బాడుగ పని ఎన్ని రోజులు దొరుకుతుంది, డీజిలు, డ్రైవరు, మరమ్మతులు పోగా ఏమి మిగులుతుంది అని బ్యాంకు అధికారి అడుగుతాడు. ఆ ప్రశ్నలు విసుగనిపించవచ్చును. విరమణ సొమ్ముతో రొక్కంగా కొన్నప్పుడు ఆ ప్రశ్నలు అడిగేవారు ఎవరూ ఉండరు. డీలరు సోదరులకు రొక్కపు బేరం తీపిగానే ఉంటుంది. అయినను రెండేండ్లలో బండి మూలపడితే విడిభాగాల వ్యాపారమూ, సర్వీసింగూ, ఆ ఊరిలో తమ పేరూ కూడా పోతవి. కొనుగోలుదారుకు నిజమైన పని ఉన్నదో లేదో కనుక్కొని అమ్మే డీలర్లు ఉన్నారు. వారి దుకాణాలే ఎక్కువకాలం నిలుస్తున్నవి.

సొమ్ము ఇవ్వకపోయినా హామీ సంతకం పెట్టవచ్చుననుకొనేవారు ఉన్నారు. "సంతకమే గదా మామా" అన్న మాటకు లొంగినవారు తరువాత కోర్టు నోటీసు చూచి ఆశ్చర్యపడుతారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరుగా వ్రాసుకొననిచో, హామీదారు బాధ్యత రుణగ్రహీత బాధ్యతతో సమానమైనది. అసలు రుణగ్రహీతను వెంటాడిన తరువాతనే హామీదారు వద్దకు రావలెనన్న నియమం లేదు. సంపాదించే వయస్సులో ఉన్నవాడు హామీ ఉంటే ఉండవచ్చును. నెలవారీ ఆదాయం ఆగిపోయిన మనిషిని హామీ అడుగుట అన్యాయమని నేను నిస్సంకోచంగా చెప్పుతాను. ఈ మాట బ్యాంకు శాఖలకు కూడా వర్తిస్తుంది.

నాలుగవ దారి అధిక వడ్డీ ఆశ. నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు మీద అప్పులిచ్చుట పల్లెలలో మామూలే. ప్రోనోటుకు మూడేండ్లలో కాలదోషం పడుతుందని తెలిసినవారికి కూడా, బంధువు మీద దావా వేయుటకు చేతులు రావు. ఇక సంస్థల విషయం. విజయవాడ కేంద్రంగా నడచిన అగ్రిగోల్డ్ సంస్థ కూలిపోయిన తరువాత, చిన్న డిపాజిటుదారులకు రాష్ట్ర ప్రభుత్వమే ఖజానా నుండి చెల్లించవలసి వచ్చినది: 2019 నవంబరులో పదివేల లోపు వారికి, 2021 ఆగస్టులో ఇరవైవేల లోపు వారికి. లక్షలు పెట్టినవారికి ఆ పాటి ఊరట కూడా కలుగలేదు. అనుమతి లేని డిపాజిట్లను నిషేధిస్తూ 2019లో కేంద్ర చట్టం వచ్చినది. చట్టం దోషిని శిక్షించగలదు. డెబ్బై ఏండ్ల వానికి పోయిన సొమ్మును సకాలంలో తెచ్చి ఇచ్చుట దానికీ కష్టమే. బ్యాంకు డిపాజిట్‌కు మాత్రం 2020 ఫిబ్రవరి 4 నుండి ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్క డిపాజిటుదారుకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకు బీమా ఉన్నది. ఆ బీమా లేని చోట ఎక్కువ వడ్డీ ఇస్తున్నారంటే, అపాయాన్ని మోసినందుకు మనకు ఇచ్చే కూలి అది.

మా వృత్తిలోని వారిని కూడా ఒక మాట అనక తప్పదు. పెద్ద మొత్తం ఖాతాలో జమ అయిన వారంలోనే, అరవై ఏండ్ల వానికి పదేండ్ల బీమా పాలసీని "డిపాజిట్ వంటిదే" అని అంటగట్టే అధికారులు లేకపోలేదు. అట్టి పాలసీ పొరబాటున తీసికొన్నవారు పత్రం చేతికందిన 30 రోజులలోగా తిరిగి ఇచ్చివేయవచ్చును. ఈ గడువు సంగతి విక్రయించినవారు సాధారణంగా గుర్తుచేయరు.

మరి ఏమి చేయవలెను? నా సలహా చాలా సాదా. సొమ్ము వచ్చిన ఆరు నెలల వరకు ఎవరికీ మాట ఇవ్వరాదు. స్వల్పకాలిక డిపాజిట్‌లో ఉంచవలెను. మూడు నెలల ఇంటి ఖర్చును ఒక పుస్తకంలో వ్రాసి చూచుకొనవలెను. కంపెనీ నీడ తొలగిన తరువాతి అసలు ఖర్చు అప్పుడే తెలుస్తుంది. ఆ తరువాత వృద్ధుల పొదుపు పథకంలో తగినంత వేయవచ్చును. అందులో ఒక్కరికి పరిమితి 30 లక్షలు, 8.2 శాతం చొప్పున మూడు నెలలకొకసారి 61,500 రూపాయలు వస్తుంది. అందులో కొంత తిరిగి పొదుపు చేయుట మరువరాదు. రేటును ప్రభుత్వం మూడు నెలలకొకసారి సమీక్షిస్తుంది గాని, ఒకసారి వేసిన డిపాజిట్‌కు అయిదేండ్లూ అదే రేటు వర్తిస్తుంది. మిగిలినది వేర్వేరు గడువుల డిపాజిట్లలో ఉంటే, అవసరం వచ్చినప్పుడు అంతా విరగ్గొట్టవలసిన పని లేదు. భూమి కొనదలచినవారిని నేను వారించను. కాని కౌలు ఏడాదికి వస్తుంది, మందుల దుకాణం బాకీ నెలకు వస్తుంది. ఆస్పత్రిలో ఉన్నప్పుడు అరెకరం అమ్మబోతే ఎదుటివాడు చెప్పినదే ధర.

ఇంతవరకు చెప్పినది రెగ్యులర్ ఉద్యోగుల సంగతి. భిలాయిలో స్థిర ఉద్యోగాలు పూర్వం కన్న ఎంతో తగ్గినవి. ఈనాడు మన ఊళ్ళ నుండి వెళ్ళే యువకులలో అనేకులు కాంట్రాక్టరు క్రింద పనిచేస్తున్నారు. వారికి విరమణ నాడు వచ్చే పెద్ద మొత్తం లేదు. ఉన్నదల్లా భవిష్యనిధి ఖాతా. కాంట్రాక్టరు మారినప్పుడల్లా దానిని ఖాళీ చేసికొనే అలవాటు వారిలో ప్రబలంగా ఉన్నది. పింఛనుకు కనీసం పదేండ్ల సర్వీసు కావలెను. మధ్యలో పింఛను సొమ్మును కూడా తీసివేసికొన్నవాని సర్వీసు ప్రతిసారీ మొదటికి వస్తుంది. 2014లో వచ్చిన సార్వత్రిక ఖాతా సంఖ్య మీద పాత ఖాతాలను కలుపుకొనుట ఒక పూట పని. ఆ ఖాతా కూడా లేనివారికి, ఇంటి దగ్గరి రైతు కూలీలకు 2015లో ప్రారంభమైన అటల్ పింఛను యోజన ఉన్నది. పద్దెనిమిదవ ఏట చేరినవాడు నెలకు 210 రూపాయలు కడితే అరవై తరువాత నెలకు 5 వేలు వస్తుంది. నలభైయవ ఏట చేరినవాడు అదే పింఛనుకు 1,454 రూపాయలు కట్టవలెను. ఆదాయపు పన్ను కట్టేవారు 2022 అక్టోబరు నుండి ఇందులో చేరుటకు వీలులేదు. నలభై ఏండ్ల తరువాత 5 వేల విలువ ఎంత ఉంటుందనే ప్రశ్న న్యాయమైనదే. ఏమీ లేనిదాని కన్న అది మేలు కనుకనే చెప్పుతున్నాను.

చివరిగా, ఇంటి ఇల్లాలి సంగతి. సొమ్ము ఎన్నాళ్ళు నిలువవలెనో నిర్ణయించేది సాధారణంగా ఆమె ఆయుర్దాయమే. కాని డిపాజిట్ రసీదులు ఎక్కడ ఉన్నవో ఆమెకు చాల ఇళ్ళలో తెలియదు. నామినీగా పేరు వ్రాస్తే చాలునని మగవారు అనుకొంటారు. నామినీ సొమ్మును స్వీకరించే హక్కుదారు మాత్రమే; వారసత్వాన్ని వేరుగా చట్టం నిర్ణయిస్తుంది. 2025 నవంబరు 1 నుండి బ్యాంకు ఖాతాకు నలుగురి వరకు నామినీలను వ్రాయవచ్చును. కొందరు దీనిని పిల్లలందరినీ సంతోషపెట్టే అవకాశంగా భావించి భార్య వాటాను తగ్గించుతున్నారేమోనని నాకు అనుమానం. 'ఇద్దరిలో ఎవరైనా' పద్ధతిలో ఉమ్మడి ఖాతా ఉండుట, ఏటీఎం కార్డును ఆమెయే వాడుట అలవాటు కావలెను. భర్త అనంతరం ఆమెకు వచ్చే పింఛను అతని పింఛనులో సగం. దానికైనా ఆమె పేరు, పుట్టిన తేదీ సర్వీసు రికార్డులోను, ఆధార్‌లోను ఒకే విధంగా ఉండవలెను. పుట్టింటి పేరుతో ఒకచోట, అత్తింటి పేరుతో మరొకచోట నమోదైన కాగితాలు మన కుటుంబాలలో సర్వసాధారణం. వాటిని సరిచేయించుటకు భర్త ఉద్యోగంలో ఉండగా పర్సనల్ విభాగానికి ఒక దరఖాస్తు చాలును. అతడు పోయిన తరువాత ఆమె శ్రీకాకుళం నుండి భిలాయికి ఎన్ని మారులు రైలెక్కవలసి వస్తుందో చెప్పలేము.